ప్యాసింజరు బండికి వేళాపాళా ఉండవద్దా?

శింగనమలకు రైలు స్టేషను లేదు. అయినా బండి ఆలస్యమైతే ఆ రోజు కూలి పోగొట్టుకొనే ఇండ్లు ఈ మండలంలో ఉన్నాయి. పడమటి దిక్కున గార్లదిన్నె, కల్లూరు, దక్షిణాన అనంతపురం, తూర్పున తాడిపత్రి. ఈ నాలుగింటిలో దేనికి పోవాలన్నా బస్సో ఆటోనో ఎక్కాలి. అక్కడ దిగి, చేతిసంచి ప్లాట్‌ఫారం మీద పెట్టుకొని, బండి వచ్చే దిక్కు చూస్తూ కూర్చోవాలి. రెండు వర్షాలు తప్పిపోతే బెంగుళూరు దారి పట్టే పల్లెలు ఇవి. తరిమెల మొదలు సలకంచెరువు దాకా ఏ ఊరిలో విచారించినా ఇంటికొకరు బెంగుళూరులో మేస్త్రీ పనిలోనో, తాపీ పనిలోనో, వాచ్‌మన్‌గానో ఉన్నవారే కనిపిస్తారు. వీరికి రైలు విలాసం కాదు, నాగలి వంటిది.

ఆలస్యం అనే మాటకు అందరి దగ్గరా ఒకే అర్థం లేదు. దూర ప్రయాణపు ఎక్స్‌ప్రెస్సులో బెర్తు మీద పడుకొన్నవారికి గంట ఆలస్యమంటే గంట ఆలస్యమే. ఊరూరా ఆగే ప్యాసింజరులో పోయేవారికి గంట ఆలస్యమంటే ఒక దినం. తెల్లవారి అనంతపురంలో కూలీల అడ్డా దగ్గర మేస్త్రీలు మనుషులను ఏరుకొని పోయేది కొద్దిసేపే. ఆ తర్వాత చేరినవాడు టీ తాగి తిరిగి రావలసిందే. పెద్దాసుపత్రిలో ఓ.పి. చీటీలు రాసేది పూటలోపలే. గుమాస్తా కేసు పిలిచినప్పుడు వాయిదాకు వచ్చినవాడు కోర్టు వరండాలో లేకపోతే వాయిదా పోతుంది, వకీలు ఫీజు మాత్రం పోదు. పరీక్ష హాలు తలుపు రైలు కోసం కాచుకొని ఉండదు. ఇక సాయంత్రం సంగతి మరీ కష్టం. బండి చీకటి పడ్డాక చేరితే పల్లెకు పోయే ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఆడకూతుళ్లతో, మూటలతో బస్టాండులో రాత్రంతా జాగారం చేయడమో, పది రూపాయల టికెట్టుతో వచ్చిన మనిషి వందల రూపాయలు పెట్టి ఆటో మాట్లాడుకోవడమో తప్ప గత్యంతరం లేదు.

ఇందుకే వేళ అనేది పేదవానికే ఎక్కువ అవసరం. ఈ సంగతి రైల్వే లెక్కలలో ఎక్కడా కనపడదు.

ఒకప్పుడు ఈ సీమలో గడియారం అంటే రైలే. బొంబాయి, మద్రాసు లైన్లు 1871లో రాయచూరు దగ్గర కలిసిన నాటి నుంచి గుత్తి మీదుగా బండ్లు నడుస్తున్నాయి. 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం మీదుగా బెంగుళూరుకు మీటరుగేజి లైను పడింది. 1980లలో దానిని పెద్దలైనుగా మార్చారు. దేశమంతటికీ ఒకే కాలమానం 1906 జనవరి 1న అమలుకు వచ్చింది. అంతకు ముందు రైళ్లన్నీ మద్రాసు గడియారం ప్రకారమే నడిచేవి. అంటే ఊరికొక వేళ ఉన్న దేశానికి ఒకే వేళ అలవాటు చేసింది రైలే. పట్టాల పక్క చేలలో పనిచేసేవారు ఎంజను కూత విని సద్దిమూట విప్పేవారు, మధ్యాహ్నపు బండి పోతే ఎడ్లు విప్పేవారు. ఇప్పుడు అదే చేలలో ఎవరైనా బండిని నమ్మి సద్ది తినాలనుకుంటే కొన్ని దినాలు పొద్దుగూకే వేళకు తినాలి.

సరే, రైల్వే శాఖ వారిని అడిగితే ఏమంటారు? బండ్లు చాలావరకు వేళకే నడుస్తున్నాయంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. కాని ఆ లెక్క కట్టే తీరు తెలుసుకోవలసి ఉంది.

ఈ దేశంలో బండి వేళకు వచ్చిందా లేదా అనేది అది ఆగే చివరి స్టేషనులో చూస్తారు. అక్కడికి పదిహేను నిమిషాల లోపు తేడాతో చేరితే వేళకు వచ్చినట్టే రాసుకొంటారు. నడుమ గార్లదిన్నెలో ఎంతసేపు ఆగింది, అనంతపురానికి ఎంత ఆలస్యంగా చేరింది అనేవి ఆ శాతంలోకి ఎక్కవు. పైగా టైంటేబులు తయారు చేసేటప్పుడే, దారిలో జరిగే ఆలస్యం పూడ్చుకోవడానికి ఆఖరి స్టేషనుకు ముందు కొన్ని నిమిషాలు అదనంగా కలిపి ఉంచుతారు. ఇది రహస్యమేమీ కాదు. ఎవరైనా టైంటేబులు తెరిచి చూడవచ్చు. ఒక బండి తన ప్రయాణంలో చివరి రెండు స్టేషన్ల నడుమ ఎన్ని నిమిషాలు తీసుకొంటుందో చూడాలి. తిరుగు ప్రయాణంలో అదే బండి, అదే రెండు స్టేషన్ల నడుమ, అదే దూరానికి ఎన్ని నిమిషాలు తీసుకొంటుందో చూడాలి. మొదటిది రెండవదానికి రెట్టింపో, అంతకు మించో ఉంటే ఆ తేడా ఏమిటో బోధపడుతుంది. దారి పొడుగునా నలభై నిమిషాలు ఆలస్యంగా నడిచిన బండి కూడా గుంతకల్లు చేరేటప్పటికి మర్యాదస్తురాలై పోతుంది. లెక్క చక్కగా ఉంటుంది. నడుమ స్టేషన్లలో కాచుకొన్నవారి కాలం ఎవరి ఖాతాలోనూ పడదు.

కొంత అదనపు వేళ ఉంచడం తప్పు కాదు. పట్టాలు మరమ్మతు చేసేవారికి వ్యవధి కావాలి, వేసవిలో పట్టాలు వేడెక్కినప్పుడు వేగం తగ్గించాలి. ఆ వెసులుబాటు అంతా తెచ్చి చివర కుప్ప పోయడమే ఇబ్బంది.

ఈ మాట అంటున్నది పల్లెవారు మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ సంస్థ రైళ్ల వేళ, వేగాల మీద 2022లో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో మొహమాటం లేకుండానే చెప్పింది. 2012-13లో మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో నూటికి 79 వేళకు చేరగా, 2018-19 నాటికి ఆ సంఖ్య 69కి పడిపోయింది. సగటు వేగాన్ని ఎక్స్‌ప్రెస్సులకు గంటకు 75 కిలోమీటర్లకు, గూడ్సులకు 50 కిలోమీటర్లకు పెంచుతామని 2016-17 బడ్జెటులో ‘మిషన్ రఫ్తార్’ పేరుతో ప్రకటించారు. 2019-20లో చూస్తే అవి 50.6, 23.6 దగ్గరే ఉన్నాయి. గూడ్సు బండి గంటకు ఇరవైమూడు కిలోమీటర్లు పోతున్నదంటే, మంచి ఎడ్లజత కట్టిన బండికి అది నాలుగైదింతలే. పైన చెప్పిన శాతాలు పేరున్న ఎక్స్‌ప్రెస్సులవి. వాటి గతే ఇలా ఉంటే, వాటికి దారి వదులుతూ పోయే ప్యాసింజరు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దారి వదలడం అంటే ఏమిటో రోజూ ఎక్కేవారికి తెలుసు. ‘క్రాసింగు పడింది’ అంటారు. ఏ బండి ముందు పోవాలో, ఏది పక్క లైనులో నిలవాలో తీర్మానించేది స్టేషను మాస్టరు కాదు, డివిజను కార్యాలయంలో కూర్చొన్న కంట్రోలరు. కిటికీ దగ్గర నిలబడి స్టేషను మాస్టరును తిట్టిపోసేవారు ఇది గమనించాలి. కల్లూరు దగ్గర గుంతకల్లు నుంచి వచ్చే లైను, గుత్తి నుంచి వచ్చే లైను కలుస్తాయి. ఢిల్లీ నుంచి బెంగుళూరు పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్, ముంబై నుంచి వచ్చే ఉద్యాన్, హైదరాబాదు వైపు నుంచి వచ్చే బండ్లు అన్నీ అక్కడి నుంచి అనంతపురం మీదుగా ఒకే దారిన పోవాలి. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ-యశ్వంతపూర్ వందేభారత్ కూడా వచ్చి చేరింది. అది అనంతపురంలో ఆగడం సంతోషమే. కాని రైల్వే నిబంధనల వరుసలో అటువంటి బండికి ఎప్పుడూ పెద్దపీట, ప్యాసింజరుకు ఆఖరు వరుస. దాని వెనుక గూడ్సు ఒక్కటే.

ఆ గూడ్సు అయినా నిజంగా వెనుకనే ఉంటుందా అంటే అదీ లేదు. కాగితం మీద ప్యాసింజరే ముందు. ఆచరణలో బొగ్గు, సిమెంటు మోసే బండి శాఖకు డబ్బు తెస్తుంది, ప్యాసింజరు తేదు. ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున నూటికి 57 రూపాయలే వసూలవుతున్నాయని రైలు టికెట్టు మీదనే అచ్చువేశారు. పదిమందిలో అన్నం పెట్టి, అప్పు గుర్తుచేసినట్టు ఉంది. తక్కువ చార్జీ ఇచ్చేవాడు తక్కువ వేళ అడగాలని ఎక్కడా రాసి లేదు. రైలు మొదటి నుంచీ లాభం కోసమే నడిచిన సంస్థ కూడా కాదు. 1876-78 ధాతు కరువులో ఈ జిల్లాల జనం పిట్టల్లా రాలిపోయిన తర్వాత, 1880 కరువు కమిషను సిఫారసు మీద కరువు సీమలకు గింజలు చేరవేయడానికి లాభనష్టాలు చూడకుండా రైలుమార్గాలు వేయాలని దొరల ప్రభుత్వమే ఒప్పుకొన్నది.

తలచుకొంటే దారి దొరుకుతుందని ఈ జిల్లాలోనే రుజువైంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటికాయలతో ముంబై రేవుకు ప్రత్యేక బండి వెళ్లింది. అదే సంవత్సరం సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణ భారతంలో అదే మొదటిది. నార్పల, పుట్లూరు తోటల రైతులు ఎంతో ఆశపడ్డారు. కాయ కుళ్లిపోతుంది కనుక త్వరగా పోవాలని అందరూ ఒప్పుకొన్నారు. మనిషి కూలి కూడా ఒక పూటలో కుళ్లిపోయే సరుకే.

కరోనా కాలంలో ప్యాసింజరు ప్రయాణికులకు జరిగినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2020 మార్చిలో బండ్లన్నీ ఆపివేశారు. ప్రాణభయం ఉన్న రోజులు, ఎవరూ కాదనలేదు. తిరిగి నడిపినప్పుడు మాత్రం అవే పెట్టెలు, అవే స్టేషన్లు, అదే నడక. పేరు ‘స్పెషల్’, చార్జీ ఎక్స్‌ప్రెస్‌ది. పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. పేరులో ఎక్స్‌ప్రెస్ వచ్చిందే కాని వేళ రాలేదు. పాత పది రూపాయలు మళ్లీ వచ్చేటప్పటికి 2024 ఫిబ్రవరి అయింది. బండి నంబరు ముందున్న సున్న పోయి పాత పద్ధతి నంబర్లు వచ్చింది 2025 జనవరి 1 నుంచి. ఇదే నడుమ, 200 కిలోమీటర్లు దాటి నడిచే ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్సులుగా మార్చే పని కూడా చేపట్టారు. అలా మారిన చోట చిన్న స్టేషన్ల స్టాపింగులు ఎగిరిపోయాయి. వేగం పెంచడానికి సులువైన మార్గం ఊళ్లను తీసివేయడమే గదా!

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు. మంచిదే. ఇకమీదట ఆడవారు రైలు దిగి బస్సు ఎక్కుతారు. రేపు ఎవరో ఒక అధికారి ప్యాసింజరులో జనం తగ్గారని లెక్క చూపించి బండినే తీసివేయమని రాయవచ్చు. జనం తగ్గడానికి ఉచిత బస్సు ఒక్కటే కారణమని కూడా రాయవచ్చు. వేళకు రాని బండిని జనం ఎప్పుడో నమ్మడం మానేశారన్న మాట ఆ ఫైలులో ఉండదు. అందువల్ల ఇప్పుడే అడగడం అవసరం.

న్యాయానికి ప్రయాణికుల తప్పులు కూడా చెప్పుకోవాలి. తన ఊరు పట్టాల పక్కనే ఉంది గదా అని గొలుసు లాగి దిగిపోయే ఆకతాయిలు ఈ జిల్లాలో తక్కువేమీ కాదు. 1989 రైల్వే చట్టం 141వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్న నేరమది. ఒకడు గొలుసు లాగితే వెనుక వచ్చే బండ్లు కూడా నిలిచిపోతాయి. గేటు వేసిన తర్వాత ట్రాక్టరు అడ్డంపెట్టి గేట్‌మన్‌తో తగాదా వేసుకొనేవారి సంగతీ అంతే. గేటు పడితే తప్ప సిగ్నలు పడదు. అక్కడ పోయిన అయిదు నిమిషాలు ముందు స్టేషనులో క్రాసింగు పడి అరగంట అవుతాయి.

రైల్వే కార్మికుల మీద నెపం వేయడం కూడా సరికాదు. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే కార్మికులు చేసిన సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం ముఖ్యమైన కోర్కె. ఎంజను డ్రైవర్లు విశ్రాంతి కోసం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది ఎమర్జెన్సీ వచ్చింది. ‘చూశారా, బండ్లు వేళకు నడుస్తున్నాయి’ అని 1975-77 నడుమ గొప్పగా చెప్పుకొన్నారు. పాతతరం వారు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. బెదిరింపుతో వచ్చిన వేళ ఎన్నాళ్లు నిలిచిందో కూడా వారే చెప్పాలి.

బయటి దేశాల తీరు కొంచెం చూద్దాం. జపానులో 2017 నవంబరు 14న ఒక బండి చెప్పిన వేళకన్నా 20 సెకండ్లు ముందు బయలుదేరినందుకు కంపెనీ వారు జనానికి క్షమాపణ చెప్పుకొన్నారు. అది చదివి ఇక్కడ నవ్వుకోవడం తేలిక. వారు బాధపడినది ఎందుకంటే వేళను నమ్మి వచ్చిన ఒక్క మనిషికైనా బండి తప్పిపోయి ఉండవచ్చునని. అన్నీ గొప్ప దేశాలే, అన్నీ వేళకే అనుకోనక్కరలేదు. జర్మనీలో 2024లో దూర ప్రయాణపు బండ్లు నూటికి 62.5 మాత్రమే వేళకు నడిచాయి. కాని అక్కడ ఆరు నిమిషాలు తేడా వస్తే ఆలస్యం కిందనే లెక్క. అది కూడా నడుమ స్టేషన్లు అన్నింటిలో చూసి కట్టిన లెక్క. చెడ్డ సంఖ్యను ఉన్నది ఉన్నట్టు అచ్చువేసుకొన్నారు. దానిని చూసి జనం నిలదీస్తున్నారు.

ఇక్కడ నిలదీయడానికి చట్టం లేకపోలేదు. అజ్మీరు-జమ్ము బండి నాలుగు గంటలు ఆలస్యమై విమానం తప్పిపోయిన ఒక ప్రయాణికుని కేసులో, ఆలస్యానికి తగిన కారణం చూపలేకపోతే నష్టపరిహారం ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. మూడు గంటలు మించి బండి ఆలస్యమై ప్రయాణం మానుకొంటే రిజర్వేషను టికెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఇవన్నీ పెద్ద టికెట్టువారికి పనికివచ్చేవి. కల్లూరులో పది రూపాయల చీటీ కొన్నవాడు ఏ కోర్టుకు పోతాడు? వాయిదాకు పోవడానికి మళ్లీ అదే బండి ఎక్కాలి!

గుంతకల్లు డివిజను 1977 అక్టోబరు 2న దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటు చేస్తామని, గుంతకల్లు అందులోకి వస్తుందని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. జోన్ల పేర్లు ఎన్ని మారినా పల్లెవారికి సంబంధించినది గుంతకల్లులోని డివిజనల్ మేనేజరు కార్యాలయమే. అక్కడివారు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం నడుమ తిరిగే ప్యాసింజర్ల వేళను అనంతపురంలో కూడా లెక్క కట్టి ప్రతినెలా స్టేషను బోర్డు మీద వేయాలి. లెక్క బయట పెట్టినప్పుడే కంట్రోలరుకు ఆ బండి గుర్తుకు వస్తుంది. పొద్దున అనంతపురం చేరే బండిని, సాయంత్రం అక్కడి నుంచి బయలుదేరే బండిని, ఈ రెండింటిని మాత్రమైనా గూడ్సు కోసం పక్కకు తోయరాదని గట్టి ఉత్తర్వు ఇవ్వాలి. మధ్యాహ్నపు బండి కొంత అటూ ఇటూ అయినా జనం ఓర్చుకొంటారు. కల్లూరు, గార్లదిన్నె వంటి స్టేషన్లలో బండి ఎంత ఆలస్యమో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తే చాలు, యంత్రాలు అక్కరలేదు. చేతిలో పెద్ద ఫోను ఉన్నవారు బండి జాడ చూసుకొంటున్నారు, లేదంటే 139కి ఫోను చేస్తున్నారు. లేని ముసలీ ముతకా పక్కవారిని అడుగుతూ ఎండలో కూర్చొంటున్నారు. బండి గంట ఆలస్యమని ముందే తెలిస్తే వారు చెట్టునీడకైనా పోతారు.

మరొక పని రైల్వేది కాదు, ఆర్టీసీది. అనంతపురం నుంచి శింగనమల, నార్పల వైపు పోయే ఆఖరి బస్సు సాయంత్రపు ప్యాసింజరు చేరే వేళ చూసుకొని కదలాలి. స్టేషను నుంచి బస్టాండుకు ఒక ఫోను చాలు. ఆ ఫోను ఎవరు చేయాలి, ఎవరు ఎత్తాలి అన్నది రెండు శాఖలకూ కలిపి ఉత్తర్వు ఇస్తే తేలుతుంది. పార్లమెంటు సభ్యుడు రైల్వే వారితో, జిల్లా కలెక్టరు ఆర్టీసీ వారితో ఒక్కనాడు ఒకే బల్ల ముందు కూర్చొంటే ఆ ఉత్తర్వు రాసుకోవడానికి అరగంట పడుతుంది. శెనక్కాయ పెరికే పని ముగిసి బెంగుళూరు బండ్లలో నిలబడ సందు లేకుండా పోయే రోజుల లోపల ఆ సమావేశం జరపవలసి ఉంది.